గడువు లేని హక్కు: అంతులే వ్యాజ్యం, సత్వర విచారణ, ప్రజల అసహనం

వ్యాససంగ్రహం

అధికారంలో ఉన్న నాయకులపై వచ్చిన అవినీతి ఆరోపణలు దశాబ్దాలపాటు తేలకపోవడం స్వతంత్ర భారతదేశంలో ప్రజల అసహనానికి ఒక ముఖ్య కారణం. ఆ జాప్యం ఏ ప్రశ్నల దగ్గర ఏర్పడిందో మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే వ్యాజ్యం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బీహారు విచారణ ఖైదీల కోసం 1979లో రూపుదిద్దుకున్న సత్వర విచారణ హక్కు ఈ వ్యాజ్యంలో ఏ మలుపు తిరిగిందో, దాని ఫలితం తరువాతి వ్యాజ్యాలపై ఎలా పడిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: సత్వర విచారణ, ముందస్తు అనుమతి, అవినీతి నిరోధక చట్టం, అంతులే, పి.వి. నరసింహారావు, వాయిదా.

1. ప్రవేశిక

న్యాయస్థానం ప్రస్తావన వస్తే తెలుగువారి నోట తప్పక వచ్చే మాట ‘వాయిదా’. అరబ్బీ మూలం నుంచి పారసీ, హిందుస్తానీల మీదుగా మనకు చేరిన ఈ మాటకు దగ్గరి చుట్టం ఉర్దూలోని ‘వాదా’, అంటే ఇచ్చిన మాట. బాకీ తీర్చడానికి ఒప్పుకున్న గడువు అనే అర్థంలో అప్పుపత్రాల్లోనూ చిట్టీల లెక్కల్లోనూ అది ఇప్పటికీ బతికి ఉంది. కోర్టు ఆవరణలోకి వచ్చేసరికి దాని అర్థం దాదాపు తలకిందులైంది. అక్కడ వాయిదా పడిందంటే ఆ రోజు పని జరగలేదనే అర్థం.

గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మన సామెత. భూమి తగాదాలను దృష్టిలో పెట్టుకొని పుట్టిన మాట అది. అక్కడ వాది, ప్రతివాది ఇద్దరూ ఉంటారు, ఇద్దరి కష్టమూ కళ్ళకు కనిపిస్తుంది. రాజకీయ నాయకుడి అవినీతి వ్యాజ్యంలో పరిస్థితి వేరు. నష్టపోయినవాడు పౌరుడే అయినా అతడు వ్యాజ్యంలో పక్షం కాడు. గెలవడానికీ ఓడడానికీ అతనికి అక్కడ చోటు లేదు. పత్రికలో చదివి ఎదురుచూడడమే అతని పాలుపడ్డ పని. ఆ ఎదురుచూపు ఎందుకు ఇంత పొడుగైందన్నది ఈ వ్యాసం ముందున్న ప్రశ్న.

న్యాయమూర్తుల కొరత, పేరుకుపోయిన కేసులు అని సాధారణంగా సమాధానం చెబుతారు. దేశంలోని కోట్లాది వ్యాజ్యాలకు అది నిజమే. ప్రముఖ నాయకుల వ్యాజ్యాలకు మాత్రం ఆ సమాధానం చాలదు. అంతులే వ్యాజ్యం ఒక్క దశాబ్దంలో పలుమార్లు సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్ళింది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనాలు, ఏడుగురి ధర్మాసనం దాన్ని విన్నాయి. అంటే న్యాయస్థానానికి తీరిక లేక ఆగిన వ్యాజ్యం కాదది. తీరిక దొరికింది, పుష్కలంగా దొరికింది. అది దేనికి ఖర్చయిందన్నదే చూడవలసింది.

మన రెండు రాష్ట్రాల పాఠకులకు ఈ సందర్భంలో వర్తమాన నాయకుల పేర్లు గుర్తుకు రాకమానవు. ఇప్పటికీ న్యాయస్థానాల ముందున్న వ్యాజ్యాలను ఈ వ్యాసం ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టింది. పార్టీ అభిమానం లేకుండా వాటిని చదవగలిగే దూరం మనకింకా ఏర్పడలేదు.

2. ఒకే పత్రిక, రెండు వార్తలు

1979 జనవరి 8, 9 తేదీల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక బీహారు జైళ్ళలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి కథనాలు ప్రచురించింది. వారిలో స్త్రీలూ పిల్లలూ ఉన్నారు. నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణే మొదలుకాకుండా, జైల్లో గడిపినవారూ ఉన్నారు. న్యాయవాది కపిలా హింగోరాణీ ఆ కథనాల ఆధారంగా సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అదే హుసేనారా ఖాతూన్ వ్యాజ్యం. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలో ఇమిడి ఉన్న ప్రాథమిక హక్కు అని జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం ప్రకటించింది. రాజ్యాంగంలో ఆ మాట ఎక్కడా రాసి లేదు. అంతకు ముందు ఏడాది మేనకా గాంధీ తీర్పులో 21వ అధికరణానికి లభించిన విశాలార్థం దీనికి దారి వేసింది.

అదే పత్రికలో 1981 ఆగస్టు 31న అరుణ్ శౌరి మరో కథనం రాశారు. అబ్దుల్ రహ్మాన్ అంతులే 1980 జూన్ నుంచి మహారాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఇందిరా గాంధీ ప్రతిభా ప్రతిష్ఠాన్ మొదలైన ట్రస్టులకు భవన నిర్మాతల నుంచి, చక్కెర సహకార సంఘాల నుంచి విరాళాలు రాబట్టారనీ, అందుకు ప్రతిగా ప్రభుత్వ కోటాలోని సిమెంటు వంటివి కేటాయించారనీ ఆరోపణ. బస్తా సిమెంటుకు పర్మిట్ కోసం తిరిగిన ఆ కాలం గుర్తున్నవారికి ఈ ఆరోపణ ఎంత సూటిగా సామాన్యుడిని తాకిందో వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు కట్టుకోవాలనుకున్న ప్రతివాడికీ అర్థమయ్యే అవినీతి అది. 1982 జనవరి 12న బొంబాయి ఉన్నత న్యాయస్థానంలో జస్టిస్ లెంటిన్ ఒక రిట్ పిటిషన్‌పై తీర్పునిస్తూ విరాళాలకూ సిమెంటు కేటాయింపులకూ సంబంధం ఉన్నదని నిర్ధారించారు. అంతులే రాజీనామా చేశారు.

కథనం వెలువడిన ఐదు నెలల లోపే ఒక ముఖ్యమంత్రి పదవి దిగిపోయారు. ఆనాటి పాఠకుడికి న్యాయం వేగంగా నడిచినట్టే అనిపించి ఉండాలి. కాని రాజీనామా రాజకీయ ఫలితం, నేరవిచారణ వేరు. ఆ రెండింటి మధ్య తేడా తరువాతి పదేళ్ళలో తేటతెల్లమైంది.

3. ఎవరి అనుమతి? ఏ న్యాయస్థానం?

భారతీయ జనతా పార్టీకి చెందిన రామదాస్ శ్రీనివాస్ నాయక్ 1981 సెప్టెంబరులోనే బొంబాయి మెజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేశారు. ముందస్తు అనుమతి లేదన్న కారణంతో అది నిలవలేదు. ఈ అనుమతి నియమం వలసపాలన వారసత్వం. 1898 నాటి నేరవిచారణ స్మృతిలోని 197వ విభాగం ఉన్నత ప్రభుత్వోద్యోగులపై విధినిర్వహణకు సంబంధించి నేరాభియోగం మోపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్నది. 1947 నాటి అవినీతి నిరోధక చట్టం 6వ విభాగంలో దాని ఛాయ నిలిచింది. నిజాయితీపరుడైన ఉద్యోగిని దురుద్దేశపూరిత ఫిర్యాదుల నుంచి కాపాడడం దాని లక్ష్యం. ఆ లక్ష్యాన్ని తప్పుపట్టలేం. చిక్కల్లా నిందితుడే ప్రభుత్వాధిపతి అయినప్పుడు వస్తుంది. అనుమతి ఇవ్వవలసిన ప్రభుత్వానికి ఆయనే నాయకుడు.

కనుక గవర్నరు తన విచక్షణతో నిర్ణయించాలా, మంత్రిమండలి సలహా ప్రకారం నడవాలా అన్న ప్రశ్న పుట్టింది. అది కూడా సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1982 జూలైలో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు గవర్నరు స్వతంత్ర విచక్షణ పక్షాన నిలిచింది. గవర్నరు అదే నెలలో కొన్ని అంశాలకు మాత్రమే అనుమతి ఇచ్చి, మిగిలినవాటికి నిరాకరించారు. ఆగస్టు 9న నాయక్ ప్రత్యేక న్యాయమూర్తి ముందు కొత్త ఫిర్యాదు దాఖలు చేశారు.

అప్పటికి అంతులే ముఖ్యమంత్రి కారు, శాసనసభ్యులు మాత్రమే. శాసనసభ్యుడు ‘ప్రభుత్వ సేవకుడు’ అవుతాడా? అయితే అతనిపై విచారణకు అనుమతి ఇచ్చేదెవరు? శాసనసభ్యుణ్ణి తొలగించే అధికారి అంటూ ఎవరూ లేరు కదా! శాసనసభ్యుడు ప్రభుత్వ సేవకుడే, ఆ హోదాలో కావలసిన అనుమతి లేదు కనుక విచారణ చెల్లదని ప్రత్యేక న్యాయమూర్తి 1983 జూలైలో నిందితుణ్ణి విడుదల చేశారు. 1984 ఫిబ్రవరి 16న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దీన్ని కొట్టివేసింది. భారత శిక్షాస్మృతి 21వ విభాగం ప్రకారం శాసనసభ్యుడు ప్రభుత్వ సేవకుడు కాడనీ, దుర్వినియోగమైందంటున్న పదవిని నిందితుడు వదిలేశాక ఆ పదవికి సంబంధించిన అనుమతి అక్కరలేదనీ తేల్చింది.

ఆ ధర్మాసనం అక్కడితో ఆగలేదు. దాదాపు రెండున్నరేళ్ళు గడిచినా వ్యాజ్యం అంగుళం కదలలేదని విసుగు వ్యక్తం చేసి, దాన్ని ప్రత్యేక న్యాయమూర్తి నుంచి తీసి నేరుగా బొంబాయి ఉన్నత న్యాయస్థానానికి బదిలీ చేసింది. వాయిదాలు లేకుండా రోజువారీ విచారణ జరపాలన్నది. సత్వర విచారణ ప్రధానంగా నిందితుడి ప్రయోజనం కోసమేనని కూడా గుర్తుచేసింది. ప్రజల అసహనానికి న్యాయపీఠం మీద నుంచి వినిపించిన ప్రతిధ్వని ఇది అనుకుంటే పొరపాటు కాదు.

ఉన్నత న్యాయస్థానంలో జస్టిస్ మెహతా 21 అంశాలపై అభియోగాలు నమోదు చేసి, 22 అంశాలను తోసిపుచ్చారు. ఫిర్యాది మళ్ళీ ఢిల్లీకి వెళ్ళారు; 1986 ఏప్రిల్‌లో ఆ అంశాలూ తిరిగి వచ్చి చేరాయి. తరువాత జస్టిస్ పి.ఎస్. షా 79 అభియోగాలు నమోదు చేశారు. యాభై మందికి పైగా సాక్షుల విచారణ పూర్తయింది. వ్యాజ్యం నిజంగా నడిచిన కాలమంటూ ఉంటే అది ఈ కొద్దికాలమే.

అప్పుడు అంతులే ఒక మౌలికమైన అభ్యంతరం లేవనెత్తారు. 1952 నాటి చట్టం ఇటువంటి నేరాలను ప్రత్యేక న్యాయమూర్తి మాత్రమే విచారించాలంటుంది. ఉన్నత న్యాయస్థానంలోనే విచారణ జరిగితే, ఇతర నిందితులందరికీ ఉన్న ఒక అప్పీలు మెట్టు తనకు లేకుండా పోతుంది. 1984 ఆదేశం తన సమానత్వ హక్కుకు భంగం. 1988 ఏప్రిల్ 29న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5–2 మెజారిటీతో ఈ వాదాన్ని అంగీకరించింది. న్యాయస్థానం చేసిన పొరపాటు వల్ల ఎవరూ నష్టపోరాదన్న సూత్రాన్ని ఆశ్రయించి, వ్యాజ్యాన్ని తిరిగి ప్రత్యేక న్యాయమూర్తి వద్దకే పంపింది.

ఈ తీర్పును శక్తిమంతుడికి దొరికిన మినహాయింపుగా తీసిపారేయడం తేలిక. అది సరి కాదని నా అభిప్రాయం. తొందరలో ఒక మనిషికి మాత్రమే వేరే విధానం అమలు చేయడం ఎంత ప్రమాదమో ఎమర్జెన్సీ చూసిన తరానికి తెలుసు. ఆ మనిషి మనకు నచ్చనివాడైతే ఆ ప్రమాదం కనిపించదు, అంతే. విషాదం మరోచోట ఉంది. 1981 నుంచి 1988 దాకా తేలిన ప్రశ్నలన్నీ నిజమైన ప్రశ్నలే. ఒక్కదానికీ ట్రస్టుకు చేరిన డబ్బుతో సంబంధం లేదు. ఎవరి అనుమతి, ఏ హోదా, ఏ న్యాయస్థానం అన్నవి తేలడానికే ఏడేళ్ళు పట్టింది. అటువంటి ప్రతి మెట్టునూ చివరి దాకా ఎక్కించగల స్తోమత, ఆ స్థాయి న్యాయవాదులు ఏ కొద్దిమందికో ఉంటారు. చట్టం అందరికీ ఒకటే, మెట్లెక్కే శక్తి మాత్రం ఒకటి కాదు.

ఈలోగా 1989లో కొలాబా నుంచి అంతులే లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1995లో నరసింహారావు మంత్రివర్గంలో చేరారు.

4. తెర మీది గొడ్డలి

సరిగ్గా ఇదే కాలంలో, 1985లో, టి. కృష్ణ దర్శకత్వం వహించిన ‘ప్రతిఘటన’ తెలుగునాట విడుదలైంది. రౌడీగా మొదలై రాజకీయ నాయకుడైనవాణ్ణి చట్టం ఏమీ చేయలేదని తెలుసుకున్న అధ్యాపకురాలు చివరికి గొడ్డలి పట్టి అందరి ముందే నరుకుతుంది. ఆ చిత్రానికి బొంబాయి వ్యాజ్యంతో ప్రత్యక్ష సంబంధం లేదు. కాని థియేటర్లలో ఆ ముగింపుకు దక్కిన ఆదరణను చరిత్రకారుడు ఒక ఆధారంగానే చూడాలి. 1989లో వచ్చిన ‘అంకుశం’ మొదలు ఎన్నో చిత్రాలు అదే బాటలో నడిచాయి. కోర్టు దృశ్యం ఆ చిత్రాల్లో నాయకుడి ఓపిక నశించే చోటుగా మారిపోయింది. విచారణ లేని శిక్షకు జనం చప్పట్లు కొట్టే అలవాటు ఇక్కడ బలపడింది. తెర బయట పోలీసు కాల్పులకు వినిపించే చప్పట్లను దీని నుంచి విడదీయడం కష్టం.

5. 1991 డిసెంబరు 10

వ్యాజ్యం ప్రత్యేక న్యాయమూర్తి దగ్గరకు తిరిగి వచ్చినా అభ్యర్థనలు ఆగలేదు. ఈసారి అంతులే కోరింది మరొకటి: ఇంత జాప్యం జరిగింది కనుక తన సత్వర విచారణ హక్కుకు భంగం కలిగింది, వ్యాజ్యాన్నే కొట్టివేయాలి. బీహారు జైళ్ళలోని అనామకుల కోసం పుట్టిన హక్కు పన్నెండేళ్ళలో ఒక మాజీ ముఖ్యమంత్రి చేతికి వచ్చింది.

ఆయనతోపాటు అదే ధర్మాసనం ముందుకు అదే కోరికతో వచ్చినవారిలో రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా హత్యకేసు నిందితుడైన ఒక న్యాయవాది ఉన్నారు. 1975 జనవరి 2న బీహారులోని సమస్తిపూర్ రైల్వే స్టేషన్లో జరిగిన బాంబు పేలుడులో మిశ్రా గాయపడి మరునాడు మరణించారు. కేంద్రమంత్రి హత్యకేసు పదహారేళ్ళ తరువాత కూడా విచారణలోనే ఉంది. నాయకుడు నిందితుడైనా హతుడైనా కాలం ఒకే తీరుగా గడిచిందన్నమాట.

రాజ్యాంగ ధర్మాసనం తరఫున తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా తెలుగువారే. దర్యాప్తు నుంచి అప్పీలు వరకు అన్ని దశలకూ సత్వర విచారణ హక్కు వర్తిస్తుందని తీర్పు స్పష్టం చేసింది. అదే సమయంలో ఒక చేదు నిజాన్ని దాచలేదు: చాలామంది నిందితులకు జాప్యమే రక్షణకవచం, కనుక ఆలస్యానికి కారకులెవరో ప్రతి సందర్భంలోనూ చూడాలి. తన హక్కు కాపాడుకోవడానికి నిందితుడు సద్భావంతో వేసిన పిటిషన్లను జాప్యపుటెత్తుగా లెక్కించరాదని కూడా అన్నది. చివరికి, ఇన్నేళ్ళలో విచారణ ముగియాలన్న స్థిరమైన గడువు విధించడం సాధ్యమూ కాదు, ఉచితమూ కాదని నిర్ణయించింది. ఎవరి వ్యాజ్యాన్నీ కొట్టివేయలేదు. సమస్తిపూర్ కేసును రోజువారీగా విచారించమన్నది.

ఈ తీర్పులోని వివేకాన్ని కాదనలేం. గడువు విధిస్తే దాన్ని దాటించగల సత్తా ఉన్నవాడే ముందు లాభపడతాడు. అయితే బలవంతుడి ఎత్తుగడల భయంతో నిరాకరించిన ఆ గడువు హుసేనారా ఖాతూన్ వంటివారికి కూడా దక్కలేదు. హక్కు మిగిలింది, ఏ రోజున అది భంగమైందో చెప్పే కొలమానం మిగలలేదు. 1979 తీర్పును పొగిడే వ్యాసాలు మన విశ్వవిద్యాలయాల్లో చాలా వచ్చాయి. అది 1991లో ఎవరి చేతుల్లో, ఎవరి భయంతో మొద్దుబారిందో చెప్పేవి అరుదు.

6. పదవి తిరిగి వస్తే

అంతులే వ్యాజ్యం లేవనెత్తిన ‘ప్రభుత్వ సేవకుడు’ ప్రశ్నకు 1988లో పార్లమెంటు కొత్త అవినీతి నిరోధక చట్టంలో విస్తృతమైన నిర్వచనం ఇచ్చింది. దాని తొలి పెద్ద పరీక్ష తెలుగు ప్రధాని పి.వి. నరసింహారావు వ్యాజ్యంలోనే జరిగింది. 1993 జూలై 28న ఆయన ప్రభుత్వం అవిశ్వాస తీర్మానాన్ని 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా తదితర సభ్యుల ఓట్లు కొనుగోలు చేశారన్న ఆరోపణపై కేసు నడిచింది. 1998లో రాజ్యాంగ ధర్మాసనం పార్లమెంటు సభ్యుడు 1988 చట్టం ప్రకారం ప్రభుత్వ సేవకుడే అన్నది. కాని 105వ అధికరణం రెండో ఉపబంధం ప్రకారం లంచం పుచ్చుకొని ఓటు వేసినవారికి రక్షణ ఉందనీ, పుచ్చుకొని ఓటు వేయనివారికి, ఇచ్చినవారికి లేదనీ మెజారిటీ తీర్పు చెప్పింది. తీసుకున్న డబ్బుకు న్యాయం చేసినవాడు సురక్షితం, చేయనివాడు నిందితుడు! 2000లో ప్రత్యేక న్యాయస్థానం నరసింహారావును దోషిగా తేల్చింది. 2002 మార్చిలో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం నిర్దోషిగా ప్రకటించింది. ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ అన్నది ఆయన పేరుమీద స్థిరపడ్డ మాట; ఇప్పుడది తెలుగు రాజకీయుల నోట అరిగిన నాణెం. ఆయన విషయంలో చట్టం చేసిన పనికి తొమ్మిదేళ్ళు పట్టింది. 1998 తీర్పును ఏడుగురి ధర్మాసనం 2024 మార్చి 4న సీతా సోరెన్ వ్యాజ్యంలో రద్దు చేసింది. అంతకు కొద్దివారాల ముందే ఆయనకు భారతరత్న ప్రకటించారు.

జయలలిత వ్యాజ్యంలో జాప్యానికి మరో ముఖం కనిపిస్తుంది. 1991–96 మధ్య ముఖ్యమంత్రిగా ఆదాయానికి మించి రూ. 66 కోట్లకు పైగా ఆస్తులు కూడబెట్టారన్నది అభియోగం. ఆ ఆస్తుల జాబితాలో హైదరాబాదు శివారులోని ద్రాక్షతోట కూడా ఉంది. 1996లో మొదలైన వ్యాజ్యం తేలకముందే ఆమె 2001లో తిరిగి అధికారంలోకి వచ్చారు. ఆ తరువాత 76 మంది సాక్షులను మళ్ళీ పిలిపించగా 64 మంది మాట మార్చారు. ఈ సంఖ్యల్ని చూసే సర్వోన్నత న్యాయస్థానం 2003లో వ్యాజ్యాన్ని కర్ణాటకకు బదిలీ చేసింది. ఆలస్యం వల్ల సాక్షి జ్ఞాపకం మసకబారుతుందంటారు. ఇక్కడ మసకబారింది జ్ఞాపకం కాదు. తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన మనిషి మళ్ళీ ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చుంటే సాక్షి ఏం చేయగలడు? 2014 సెప్టెంబరులో నాలుగేళ్ళ శిక్ష, రూ. 100 కోట్ల జరిమానా. 2015 మేలో ఉన్నత న్యాయస్థానంలో నిర్దోషిత్వం. 2016 డిసెంబరులో ఆమె మరణం. 2017 ఫిబ్రవరి 14న సహనిందితుల శిక్షల పునరుద్ధరణ. మరణం వల్ల ఆమెపై వ్యాజ్యం ఉపశమించింది.

7. గడువు పెట్టడం, తీసివేయడం

1991 తీర్పు తరువాత గడువు ఆలోచన చావలేదు. 1996లో కామన్ కాజ్ అనే సంస్థ వేసిన వ్యాజ్యంలో చిన్న నేరాల కేసులకు కాలపరిమితి విధించారు. అవినీతి కేసులను మినహాయించారు. ఆ సంస్థ స్థాపకుడు హెచ్.డి. శౌరి, 1981 నాటి కథనం రాసిన అరుణ్ శౌరి తండ్రి. ఒకే ఇంటివారు ఈ చరిత్ర రెండు అంచుల్లోనూ కనిపించడం యాదృచ్ఛికమే. 1998లో రాజ్‌దేవ్ శర్మ వ్యాజ్యం ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి గడువులు పెట్టింది. మంగళూరు నగరపాలక సంస్థ ఉద్యోగి ఒకరి అవినీతి కేసు సందర్భంగా 2002లో ఏడుగురి ధర్మాసనం వాటన్నింటినీ తొలగించి, అంతులే తీర్పునే తిరిగి నిలబెట్టింది.

తరువాత దృష్టి నాయకుల మీదికే మళ్ళింది. అప్పీలు వేసి పదవిలో కొనసాగే వెసులుబాటును 2013 జూలైలో లిలీ థామస్ తీర్పు తీసేసింది. 2014 మార్చిలో పార్లమెంటు, శాసనసభ సభ్యులపై అభియోగాలు నమోదైన ఏడాదిలోగా విచారణ ముగించాలన్న ఆదేశం వచ్చింది. 2017 చివర ప్రత్యేక న్యాయస్థానాలు 12 ఏర్పాటయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి. వాటిని ఉన్నత న్యాయస్థానాలే పర్యవేక్షించాలనీ, అన్ని రాష్ట్రాలకూ ఒకే మార్గదర్శకం సాధ్యం కాదనీ 2023 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం చెప్పింది. 2018లో, ఆరు నెలలు దాటిన స్టే ఉత్తర్వు దానంతటదే రద్దవుతుందన్నారు. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురి ధర్మాసనం ఆ నియమాన్ని తొలగించింది.

1991 డిసెంబరు 10న తీర్పు విన్న ఇద్దరిలో అంతులే 2014 డిసెంబరు 2న కన్నుమూశారు. ఆరు రోజుల తరువాత, డిసెంబరు 8న, సమస్తిపూర్ కేసులో ఢిల్లీ న్యాయస్థానం తీర్పు వెలువడింది. పేలుడు జరిగి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. ఆనాటి న్యాయవాదితో సహా నలుగురు దోషులని తేలింది. వారు ఢిల్లీ ఉన్నత న్యాయస్థానానికి అప్పీలు చేసుకున్నారు.